మడ్‌గార్డు కింద ఖాళీ

డర్ట్ బైక్ ముందు చక్రంపై ప్లాస్టిక్ మడ్‌గార్డు మార్చడం చిన్న పనే. కొలత తప్పితే మాత్రం చక్రం ఇరుక్కుంటుంది, నిబంధన తెలియకపోతే బండి యజమాని ఇరుక్కుంటాడు

మిన్నీ బేలో వాన వెలిశాక తారు రోడ్డు త్వరగానే ఆరుతుంది. దాని పక్కనున్న మట్టి మాత్రం ఆరదు. నౌకాదళ ఆస్పత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి ఉన్న ఈ పేట, 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక భాగం. ఇక్కడి ఒక మెకానిక్ షెడ్డులో ఓ దృశ్యాన్ని ఊహించుకోండి. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలోని కుర్రాడు ఒక పార్సెల్ పట్టుకుని వచ్చాడు. అందులో తన డర్ట్ బైక్‌కు ముందు వైపు బిగించే ఎత్తయిన మడ్‌గార్డు ఉంది. బండి కంపెనీది కాదు, బయటి తయారీ. వారాల తరబడి ఎదురుచూశాక ఓడ మీద వచ్చిన సరుకు.

"బాబాయ్, ఇది బిగించెయ్. అరగంట పనే కదా" అంటాడు కుర్రాడు.

"అరగంటేటి బాబూ, పావుగంటలో బిగించేత్తాను. కొలిసావేటి?" అంటాడు మెకానిక్.

"కొలవడమెందుకు? బండి పేరు చూసే తెప్పించాను."

"పేరు సూసి సొక్కా కొంటే సరిపోద్దేటి? సైజు సూడాల."

ఈ బాబాయ్, కుర్రాడు ఇద్దరూ ఊహలోని వ్యక్తులే. వాళ్ల మధ్య తగవు మాత్రం ఊహ కాదు. డర్ట్ బైక్ కొన్నవారు మొదట మార్చాలనుకునే వాటిలో ముందు మడ్‌గార్డు ఒకటి. చౌకగా దొరుకుతుంది, బండి రూపం ఒక్కసారిగా మారిపోతుంది, ఇంజిన్‌ను ముట్టుకోనక్కర్లేదు. నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగిస్తే పని అయిపోయినట్లే కనిపిస్తుంది. కానీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న ముందు చక్రానికి కొన్ని అంగుళాల దూరంలో చేస్తున్న పని అది. వెనక చక్రం ఇరుక్కుంటే బండి జారుతుంది. ముందు చక్రం ఇరుక్కుంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. తేడా అంతే, కానీ అది చాలా పెద్ద తేడా.

మడ్‌గార్డు పని బురదను ఆపడమేనని పేరే చెబుతోంది. ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న. మామూలు మోటార్ సైకిళ్లకు ముందు మడ్‌గార్డు టైరును అంటిపెట్టుకున్నట్లు ఉంటుంది. ఫోర్కు కింది గొట్టాలకు దాన్ని బిగిస్తారు కాబట్టి గతుకుల్లో చక్రం ఎంత పైకి లేస్తే అదీ అంతే లేస్తుంది. రెండింటి మధ్య ఖాళీ ఎప్పుడూ మారదు. నగరం రోడ్డుకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. టైరు లేపిన నీళ్లను అక్కడికక్కడే పట్టేస్తుంది. రైడర్ కాళ్లు తడవవు, ఇంజిన్ మీద బురద పడదు.

బంకమట్టిలోకి దిగగానే ఈ మంచి గుణమే శాపమవుతుంది. టైరు గాళ్లలో ఇరుక్కున్న మట్టి పైకి వచ్చి ఆ కొద్దిపాటి ఖాళీలో పేరుకుంటుంది. దాని మీద మరో పొర పడుతుంది. ఆకులు, పుల్లలు, చిన్న రాళ్లు కలిసి గట్టి ముద్దలా తయారవుతాయి. కాసేపటికి చక్రం తిరగనని మొరాయిస్తుంది. అందుకే మట్టిలో నడిచే బండ్లకు మడ్‌గార్డును టైరుకు దూరంగా పైకి జరిపారు. రెండు ఫోర్కు గొట్టాలను కింది వైపు కలిపి పట్టే బిగింపు ఒకటుంటుంది. ఇంజినీర్ల భాషలో అది కింది యోక్. ఎత్తయిన మడ్‌గార్డును దాని అడుగున బిగిస్తారు. అది హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది కానీ చక్రంతో పాటు పైకీ కిందికీ కదలదు. మట్టి పేరుకునే చోటే లేకుండా పోతుంది.

ఈ మార్పుకు పదార్థమూ తోడ్పడింది. పాతకాలపు మడ్‌గార్డులు రేకువి. పడితే వంగేవి, వంగితే టైరుకు తగిలేవి, అల్యూమినియంవైతే చీలేవి. 1970ల ఆరంభంలో అమెరికా రేసర్ ప్రెస్టన్ పెట్టీ వంచినా విరగని ప్లాస్టిక్ మడ్‌గార్డులను ప్రచారంలోకి తెచ్చాడు. 1973లో ఇటలీలో మొదలైన ఆచెర్బిస్ ఆ వ్యాపారాన్ని ప్రపంచమంతా విస్తరించింది. ఇవాళ డర్ట్ బైక్‌లకు దొరికే మడ్‌గార్డులు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేసినవే. నేలకు కొట్టుకుంటే వంగి మళ్లీ యథారూపానికి వస్తాయి. బండి కంపెనీతో సంబంధం లేకుండా విడి భాగాలు అమ్మే పరిశ్రమ ఎదగడానికి ఈ ప్లాస్టిక్ కూడా ఒక కారణం.

మన దేశంలో ఈ సరదా ఆలస్యంగా మొదలైంది. కవాసాకి కేఎక్స్ వంటి అసలు సిసలు రేసు బండ్లు మన రోడ్ల మీద రిజిస్టర్ కావు. రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే బండిని అందుబాటు ధరలో ఇవ్వాలన్న ప్రయత్నం 2011లో హీరో ఇంపల్స్‌తో జరిగింది. అది నిలబడలేదు. 2019 మేలో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 నిలబడింది. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ అయితే రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. టైరును అంటి ఒక మడ్‌గార్డు, హెడ్‌లైట్ కింద ముక్కులా మరొకటి. ఈ బండ్ల వెనకే విడి భాగాల బజారూ పెరిగింది.

ఆ బజారు నుంచి దూరంగా, సముద్రం మధ్య ఉన్నందునే అండమాన్‌లో కొలత ప్రాధాన్యం మరీ ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ మత్స్యకారులతో మొదలుపెడితే వీరిలో ఎక్కువ మంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. బంధుత్వాలు విశాఖ వైపు, సరుకులు ఎక్కువగా చెన్నై వైపు. ఏ వైపు చూసినా మధ్యలో దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడ ప్రయాణమే రెండున్నర, మూడు రోజులు. హైదరాబాద్‌లో తప్పు సైజు వస్తే మర్నాడు కొరియర్ వాడికి తిరిగి ఇచ్చేయొచ్చు. మిన్నీ బేలో ఆ సౌకర్యం ఆశించలేం. తిప్పి పంపడం కన్నా ఎలాగోలా బిగించేయడమే తేలిక అనిపిస్తుంది. ప్రమాదం మొదలయ్యేది ఆ 'ఎలాగోలా' దగ్గరే.

దీనికి వాతావరణం తోడు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏటా సగటున సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. హైదరాబాద్ వానకు ఇది మూడు రెట్లకు పైనే. నైరుతి మేలో మొదలవుతుంది. అది వెళ్లేలోగా ఈశాన్యం వస్తుంది. అంటే ఇక్కడ మడ్‌గార్డు అలంకారం కాదు, ఏడాదిలో సగానికి పైగా నిజంగా పని చేయాల్సిన భాగం. పైగా ఎత్తయిన మడ్‌గార్డు అన్ని విధాలా మేలన్నదీ నిజం కాదు. బురదను వదిలేసినట్లే నీళ్లనూ వదిలేస్తుంది. తడి తారు రోడ్డు మీద టైరు చిమ్మిన నీరు నేరుగా ఇంజిన్ ముందు భాగానికి కొడుతుంది. ఎక్స్‌పల్స్ 200 4వీకి ఆయిల్ కూలర్, 210కి రేడియేటర్ ఉన్నది సరిగ్గా ఆ దారిలోనే. వాటి సందుల్లో మట్టి ఎండితే వేడి బయటికి పోదు. వేగం పెరిగితే వెడల్పాటి మడ్‌గార్డు కిందికి గాలి చేరి హ్యాండిల్‌ను ఊపుతుంది. రోజూ ఆఫీసుకు తారు రోడ్డు మీదే వెళ్లేవారికి కంపెనీ ఇచ్చిన మడ్‌గార్డే తరచుగా మెరుగైన ఎంపిక.

ఇంతా విన్నాక కూడా మార్చాలనుకుంటే మెకానిక్ బాబాయ్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. కొలిచారా? ఏం కొలవాలన్నది కష్టమైన లెక్క కాదు. ముందు ఫోర్కు పూర్తిగా సాగిన స్థితి నుంచి పూర్తిగా కుంగిన స్థితి దాకా చక్రం కదిలే దూరాన్ని ట్రావెల్ అంటారు. ఎత్తయిన మడ్‌గార్డు కదలదు, చక్రం దాని వైపు వస్తుంది. కాబట్టి ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉండే ఖాళీ, ట్రావెల్ కన్నా ఎక్కువ ఉండి తీరాలి. ఎంత ఎక్కువ? రెండు వేళ్ల మందం, అంటే సుమారు 30 మిల్లీమీటర్లు మిగిలితే నిశ్చింత. టైరుకు అంటుకున్న మట్టికి, రేపు వేసే కొత్త టైరు పొడవాటి గాళ్లకు, కుదుపులో ప్లాస్టిక్ కిందికి వంగడానికి ఆ మాత్రం చోటు కావాలి.

పేరు చూసి కొంటే ఏమవుతుందో ఎక్స్‌పల్స్ కుటుంబమే చెబుతుంది. ఎక్స్‌పల్స్ 200 ముందు ట్రావెల్ 190 మిల్లీమీటర్లు. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210కి అది 210. మట్టి మీద మోజున్నవారి కోసం 2023లో తెచ్చిన 200 4వీ ప్రోలో ఏకంగా 250. ముగ్గురు అన్నదమ్ములకు ఇంటిపేరు ఒకటే అయినా అడుగు పొడవు వేరు. టైరు మీద 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా ఒక మడ్‌గార్డు బిగించారనుకుందాం. మొదటి బండిలో 30 మిల్లీమీటర్లు మిగులుతుంది, భేషుగ్గా ఉంటుంది. రెండో దానిలో 10 మాత్రమే మిగులుతుంది, బురద అంటితే చాలు రాసుకుంటుంది. మూడో దానిలో ఫోర్కు కుంగడానికి ఇంకా 30 మిల్లీమీటర్లు ఉండగానే టైరు మడ్‌గార్డును ఢీకొంటుంది. షెడ్డులో నిలబెట్టినప్పుడు మూడు బండ్లూ చక్కగానే కనిపిస్తాయి. తేడా తెలిసేది గోతిలో పడిన క్షణంలోనే.

కొలిచే పద్ధతిలోనూ పొరపాట్లు జరుగుతాయి. బండి సైడ్ స్టాండ్ మీద ఉండగా కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. దాని బరువుకే ఫోర్కు కొంత కుంగి ఉంటుంది. ఇంజిన్ కింద దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని నేల నుంచి ఎత్తాలి. స్కేలును నిట్టనిలువుగా కాకుండా ఫోర్కు ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా పట్టుకోవాలి. ఎందుకంటే చక్రం పైకి వచ్చేది ఆ వాలు వెంటే. మడ్‌గార్డు అంచు దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, వెనక తోక దగ్గర ఒకసారి కొలవాలి. మూడింటిలో తక్కువదే అసలు కొలత.

ఇక బిగింపు. బయటి మడ్‌గార్డుకు రంధ్రాలు ముందే ఉంటే అవి యోక్ రంధ్రాలతో కలుస్తాయన్న నమ్మకం లేదు. కలవకపోతే ప్లాస్టిక్‌ను లాగి బోల్టు ఎక్కించడం మొదటి తప్పు. లాగి బిగించిన ప్లాస్టిక్ రంధ్రం దగ్గర నుంచే చీలుతుంది. మందపాటి కాగితం మీద యోక్ రంధ్రాల అచ్చు తీసుకుని, దాన్ని మడ్‌గార్డు మధ్యగీతకు సరిచూసి, ముందు సన్నని బిట్‌తో, తర్వాత అసలు సైజు బిట్‌తో రంధ్రం చేయాలి. రంధ్రంలో లోహపు బుష్ వేస్తే బోల్టు ఎంత బిగించినా ఆ బలం ప్లాస్టిక్ మీద పడదు. అడుగున వెడల్పాటి వాషర్ ఉండాలి. ఇక్కడ సాధారణంగా వాడేవి పదో నంబరు స్పానర్ పట్టే 6 మిల్లీమీటర్ల బోల్టులు. సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు వాటికి చాలు. బలం ఉంది కదా అని స్పానర్ మీద వేలాడితే అల్యూమినియం యోక్‌లో మరలు అరిగిపోతాయి. అప్పుడు మడ్‌గార్డు సమస్య కాస్తా యోక్ సమస్య అవుతుంది.

బోల్టు తలలు కింది వైపు, అంటే టైరు వైపు ఉంటాయి. కాబట్టి పొడవు పెరిగితే ఖాళీ తగ్గుతుందని మరచిపోకూడదు. ఎత్తు సర్దడానికి స్పేసర్లు వేసేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్పేసర్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వాషర్ల దొంతర కాదు. ఒకే ముక్కగా తెగిన గట్టి బుష్. దొంతర కుదుపులకు వదులవుతుంది.

దీవుల్లో ఉప్పుగాలి మరో శత్రువు. మామూలు ఇనుప బోల్టు ఇక్కడ ఒక్క వానాకాలానికే తుప్పు పట్టేస్తుంది. అందుకని స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు వేస్తే ఇంకో చిక్కు. స్టెయిన్‌లెస్, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉప్పునీరు తగిలితే అల్యూమినియమే తినేయబడుతుంది. రెండేళ్ల తర్వాత విప్పబోతే బోల్టు యోక్‌లోనే అతుక్కుపోయి ఉంటుంది. మరల మీద నీలిరంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేస్తే రెండు లాభాలు. కుదుపులకు బోల్టు వదులవదు, తడి లోపలికి పోదు. ఎర్రరంగుది వేయకూడదు. వేడి చేస్తే గానీ అది వదలదు. పక్కనే ప్లాస్టిక్ ఉన్నచోట వేడి చేయడం కుదరదు.

బిగించాక బండిని రోడ్డెక్కించే ముందు మూడు చూడాలి. మొదటిది బ్రేక్ గొట్టం. చాలా బండ్లలో ముందు బ్రేక్ గొట్టాన్ని, ఏబీఎస్ సెన్సర్ వైరును మడ్‌గార్డుకో దాని బ్రాకెట్‌కో ఉన్న క్లిప్ పట్టి ఉంచుతుంది. పాత మడ్‌గార్డు తీసేస్తే ఆ క్లిప్ కూడా పోతుంది. గొట్టం గాలిలో ఊగుతూ టైరుకు రాసుకుంటే ఒకరోజు బ్రేక్ ఆయిల్ కారిపోతుంది. దానికి కొత్త ఆనవాలు వెతికి కట్టాలి. రెండోది హ్యాండిల్. పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పినప్పుడు మడ్‌గార్డు వెనక తోక ఫ్రేమ్‌కు గానీ రేడియేటర్‌కు గానీ సైలెన్సర్ గొట్టానికి గానీ తగలకూడదు. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇంజిన్ నుంచి వచ్చే గొట్టం అంతకన్నా చాలా వేడెక్కుతుంది.

మూడోది అసలు పరీక్ష. మడ్‌గార్డు అడుగున రెండు మూడు చోట్ల చపాతీ పిండి ముద్దలు అంటించి, హ్యాండిల్‌ను, ముందు ఇరుసును పట్టీలతో కలిపి లాగి ఫోర్కును అంతం దాకా కుంగదీయాలి. పిండి ముద్ద ఎంత నలిగితే ఖాళీ అంత తక్కువ అని అర్థం. పూర్తిగా నలిగి ప్లాస్టిక్ బయటపడితే ఆ మడ్‌గార్డు ఆ బండిది కాదు. పావుకిలో పిండితో తేలిపోయే విషయాన్ని గోతిలో తేల్చుకోనక్కర్లేదు.

టైరును అంటి ఉండే మడ్‌గార్డును పూర్తిగా తీసేసేవారు ఇంకో సంగతి గమనించాలి. కొన్ని బండ్లలో దాని కింద ఉండే ఇనుప కమాను కేవలం ప్లాస్టిక్‌ను పట్టుకోవడానికి కాదు. రెండు ఫోర్కు కాళ్లను కలిపి ఉంచే పని కూడా దానిదే. అది లేకపోతే మలుపులోనో రాయి తగిలినప్పుడో రెండు కాళ్లు దేని దారిన అవి మెలి తిరుగుతాయి. హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఒకవైపు చూస్తున్నట్లు అనిపిస్తుంది. అలాంటి బండికి ప్లాస్టిక్ తీసినా కమాను ఉంచాలి, లేదా దాని స్థానంలో ఫోర్కు బ్రేస్ వేయాలి.

ఇంతవరకు ఇది స్కేలుకు, స్పానర్‌కు లొంగే వ్యవహారం. ఆ తర్వాతిది చట్టానికి సంబంధించినది. అక్కడ కొలత అంత తేలిగ్గా దొరకదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు విరుద్ధమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో 182ఎ సెక్షన్ కొత్త రూపం దాల్చింది. చట్టం అనుమతించని రీతిలో, బయటి భాగాలు బిగించడంతో సహా, వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కేంద్రపాలిత ప్రాంతమైన అండమాన్‌కూ ఇది వర్తిస్తుంది.

మరి మడ్‌గార్డు మార్చడం నేరమా? అదే 52వ సెక్షన్ కింద ఉన్న వివరణ, మార్పు అంటే వాహనం మౌలిక లక్షణాన్ని మార్చేసే నిర్మాణపరమైన మార్పు అంటోంది. రిజిస్ట్రేషన్ పత్రంలో రంగుకు గడి ఉంది, ఇంజిన్ సామర్థ్యానికి ఉంది, చక్రాల మధ్య దూరానికి ఉంది. మడ్‌గార్డు ఎత్తుకు లేదు. ఈ లెక్కన నాలుగు బోల్టుల ప్లాస్టిక్ ముక్క మౌలిక లక్షణం కాదని వాదించవచ్చు. బయటి భాగాలు బిగించడాన్ని 182ఎ సెక్షన్ ప్రత్యేకంగా ప్రస్తావించింది కాబట్టి కాదనీ వాదించవచ్చు. రెండు వాదనల మధ్య తీర్పు చెప్పేది కోర్టు. కానీ రోడ్డు మీద బండి ఆపేది కోర్టు కాదు, కానిస్టేబుల్. స్పష్టత లేని నిబంధన ఎప్పుడూ కింది స్థాయి అధికారి విచక్షణగా మారుతుంది. ఆ విచక్షణ ముందు కుర్రాడి దగ్గర ఉండేది పార్సెల్ బిల్లు మాత్రమే.

చట్టం అనుమానంగా చూడటానికి కారణాలు లేకపోలేదు. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు, ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మే లైట్లు, కోసేసిన ఫ్రేములు కూడా 'చిన్న మార్పులు'గానే మొదలయ్యాయి. పైన చెప్పిన కొలతలు తీసుకోకుండా బిగించిన మడ్‌గార్డు కూడా ప్రమాదకరమైనదే. అయితే ప్రమాదం ఉన్నది ఖాళీలో. ఆ ఖాళీని కొలిచే మాట ఈ రెండు సెక్షన్లలో ఎక్కడా లేదు. అలా రాయడం అసాధ్యమేమీ కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చున్నవారి దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా, వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని అది చెబుతుంది. ఎందుకు కావాలో చెప్పింది, ఎంత కావాలో చెప్పింది. చీర కొంగును కాపాడే నిబంధనకు ఉన్న స్పష్టత, మార్పుల సెక్షన్‌కూ వస్తే బాబాయ్‌కూ కానిస్టేబుల్‌కూ ఒకే స్కేలు దొరుకుతుంది.

అది వచ్చేదాకా జాగ్రత్త యజమానిదే. కంపెనీయే ఆ మోడల్‌కు అమ్మే భాగం దొరికితే దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. బిల్లు దాచుకోవాలి. సందేహం ఉంటే బిగించక ముందే రవాణా కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి. బీమా కంపెనీకి తెలియజేయాలి. ప్రమాదం జరిగాక సర్వేయర్ మొదట వెతికేది బండి అసలు రూపంలో ఉందా లేదా అనే. పాత మడ్‌గార్డును, దాని బోల్టులతో సహా, పారేయకుండా అటక మీద పెట్టుకోవాలి.

నంబరు ప్లేటునూ మరవకూడదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి. వాటి తాళం ఒక్కసారి తీస్తే మళ్లీ పనికిరాదు. ముందు ప్లేటు పాత మడ్‌గార్డు మీదే ఉంటే దాన్ని ఊడబీకి కొత్తదానికి అతికించడం కుదరదు. నిబంధన ప్రకారం కొత్త ప్లేటు తీసుకోవాలి. 'ఏఎన్ 01' అక్షరాలు ఎదుటివారికి కనిపించేలా దాన్ని ఎక్కడ బిగించాలో ముందే ఆలోచించుకోవాలి. జరిమానాకు మడ్‌గార్డు కన్నా ముందు దొరికేది ప్లేటు లేని బండే.

ఇవన్నీ దాటినా, బిగించిన బండితో ఎక్కడికి వెళ్లొచ్చన్న ప్రశ్న మిగులుతుంది. ఈ దీవుల్లో అత్యధిక భాగం అడవి. జరావాల రిజర్వ్ గుండా వెళ్లే రోడ్డుకు కాన్వాయ్ నియమాలున్నాయి. అటవీ బాటలు అనుమతి లేకుండా తొక్కే ఆటస్థలాలు కావు. మిన్నీ బే కుర్రాడికి నిజంగా మిగిలేది వానకు కోసుకుపోయిన రోడ్డు అంచులు, చిడియా టాపు వైపు మలుపులు, ఇంటి ముందు ఏటవాలు మట్టి దారి. వాటికి ఎత్తయిన మడ్‌గార్డు కావాలా అన్నది అతని ఇష్టం. కావాలనుకుంటే, దాని కింద ఎంత ఖాళీ ఉండాలన్నది మాత్రం ఇష్టంతో తేలేది కాదు.

మళ్లీ ఆ షెడ్డుకు వద్దాం. పార్సెల్ ఇంకా విప్పలేదు. విప్పితే తిరిగి పంపడానికి కుదరదేమోనని కుర్రాడి బెంగ. బాబాయ్ గోడకున్న స్టీలు స్కేలు తీసి, ఇంజిన్ కింద పెట్టడానికి చెక్కదిమ్మ వెతుకుతున్నాడు.

"సరిపోకపోతే?" అంటాడు కుర్రాడు.

"సరిపోపోతే ఓడ మళ్లీ ఎల్తాది బాబూ. ముందు చక్రం ఎత్తు."